వ్యాజ్యం కాదురా, వ్యాజస్తుతి

జూన్ 4
కొట్టు నుంచి

అక్కకు,

నువ్వూ బావా కులాసా అనుకుంటాను. బావకు నేను కుట్టి పంపిన కోటు ఎలా ఉందో ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. బాగుంటే బాగుందని రాయడానికి మీ ఇంట్లో ఎవరికీ చెయ్యి రాదు.

సరే, అసలు సంగతికి వస్తాను. మన కొట్టుకు ఎదురుగా, ఆ మూతబడ్డ గడియారాల షాపులో, ఒకావిడ వచ్చి కుట్టుమిషను పెట్టింది. పొద్దున ఇచ్చిన గుడ్డ సాయంత్రానికల్లా కుట్టి చేతిలో పెడుతుందట. అందుకని వీధంతా చిటికెమ్మ అని పిలుస్తోంది. సాయంత్రానికి చేతిలో పెట్టడానికి అది చొక్కానా, వేడి వేడి పకోడీలా? నేను కాలరు ఒక్కటే రెండు రోజులు కుడతాను. పైగా నాకంటే చవగ్గా కుడుతోంది. నాన్న కాలం నుంచీ మన దగ్గరే కుట్టించుకుంటున్న పోస్టుమాస్టరు నిన్న ప్యాంటు గుడ్డ చంకలో పెట్టుకుని నా గుమ్మం ముందునుంచే అటు పోయాడు. నన్ను చూసి దగ్గాడు. దగ్గొచ్చి కాదు, సిగ్గొచ్చి.

అక్కా, ఈ ప్రభుత్వం ఉన్నట్టా, చచ్చినట్టా? ఎవరు పడితే వాళ్లు మిషను పెట్టేస్తే ఊరుకోవడమేనా? ప్రభుత్వమంటే నాకు ఎంత గౌరవమో నీకు తెలుసు. బోర్డుకు పన్ను, అరుగుకు పన్ను, ఆ అరుగు మీద పడే నీడకూ రేపోమాపో పన్ను. వసూలు తప్ప ఇంకో పని చేతకాని సన్నాసులు. నా జోలికి రాకుండా ఉంటే చాలని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు మాత్రం వాళ్లు ఆవిడ జోలికి వెళ్లాలి. అదీ తొందరగా.

ప్రభుత్వం ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో నువ్వు కాలేజీలో పాఠం చెబుతావు కదా. దర్జీల సంఘం అధ్యక్షుడి హోదాలో అడుగుతున్నాను, టౌను ఆఫీసుకు ఒక అర్జీ రాసి పంపు. చదివినవాడికి కళ్లు తిరగాలి. ఇలాగే సాగితే కొట్టు మూసుకోవాల్సిందే. నాన్న రాయించిన బోర్డు తీసుకెళ్లి ఎక్కడ పెట్టుకోమంటావు?

నీ తమ్ముడు


జూన్ 11
స్టాఫ్ రూమ్

ఒరే తమ్ముడూ,

కోటు గురించి అడిగావు, విను. కుడి చెయ్యి మణికట్టు దాకా రాకముందే ఆగిపోయింది. ఎడమ చెయ్యి వేళ్లు దాటి వెళ్లిపోయింది. మీ బావ అది వేసుకుని బ్యాంకుకు వెళితే క్యాషియరు జాలిగా చూసి, "చేతికి దెబ్బ ఎప్పుడు తగిలిందండీ?" అని అడిగాడట. కాలరు మాత్రం అద్భుతంగా ఉంది. రెండు రోజులు పట్టిందంటే పట్టదూ మరి.

ఇక్కడ వ్యాపారం చదవడానికి వచ్చిన మొదటి ఏడాది పిల్లలకు నిన్ననే 'ప్రభుత్వ పాత్ర' మొదలుపెట్టాను. వీధి దీపం ఎవడూ సొంత ఖర్చుతో పెట్టడు, పక్కవాడు ఊరికే ఆ వెలుగులో నడుస్తాడు కాబట్టి, అలాంటి చోట ప్రభుత్వం కావాలి అని గొంతు చించుకుని చెప్పాను. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "మేడమ్, ఇది పరీక్షకు వస్తుందా?" అన్నాడు. రేపు వీళ్లు కంపెనీలు నడుపుతారట. ఆ కంపెనీల్లో వాటాలు కొనేవాళ్ల మొహాలు తలచుకుంటే నాకు ఇప్పుడే నవ్వొస్తోంది.

నువ్వు ఆ పిల్లలకు పెద్దన్నవి. మూల మీది దర్జీ కొట్టు ఎత్తేసిన రోజు ఏమన్నావో గుర్తుందా? "సత్తా ఉన్నవాడు నిలుస్తాడు, లేనివాడు సర్దుకుంటాడు." ఇప్పుడు ఆ సత్తా వచ్చి నీ ఎదురుగా కూర్చుంది. సర్దుకో. వ్యాపారస్థులంతా ఇంతే. కొనేచోట పోటీ కావాలి, అమ్మేచోట అక్కర్లేదు. ప్రభుత్వం తమకు అడ్డొస్తే దండగ, ఎదుటివాడికి అడ్డొస్తే ధర్మం.

అర్జీ కావాలన్నావుగా, ఇదిగో. చదువుకుని కాస్త సిగ్గు తెచ్చుకో.

"గౌరవనీయులైన టౌను అధికారి గారి సముఖమునకు. అయ్యా, చవక ధర అనే మహమ్మారి మా వీధిలో ప్రవేశించినది. బట్టలు వేళకు చేతికందుటవలన ప్రజలు ఎదురుచూచుట అనే మంచి అలవాటును కోల్పోవుచున్నారు. కావున ప్రతి దర్జీకి రాతపరీక్ష పెట్టవలెను. గిరాకీ సూత్రము తెలియనివాడు గుండీ కుట్టిన దేశము గతి ఏమగును? ఏ ఒక్క ప్రశ్నకు సున్నా వచ్చినను అట్టివాడు కత్తెర ముట్టరాదు. ఈ పరీక్షను అర్థశాస్త్రము తెలిసినవారే పెట్టవలెను. కుట్టు తెలిసినవారు పెట్టినచో కుట్టు వచ్చినవారు ప్యాసగు ప్రమాదము కలదు. ఇట్లు, చవక నుండి ప్రజలను కాపాడగోరు తమ విధేయులు."

చాలా? మరదలిని అడిగానని చెప్పు.

అక్క


జూన్ 20
కొట్టు నుంచి

అక్కా,

నీ చేతికి బంగారు కడియం తొడగాలే! ఊరికే పోయిందా నాన్న నిన్ను చదివించడం! నేను అడిగింది ఒకటైతే నువ్వు పది ఇచ్చావు. 'కుట్టు వచ్చినవారు ప్యాసగు ప్రమాదము' దగ్గర సంఘంలో పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇన్నాళ్లకు మన బాధ అర్థం చేసుకున్న మనిషి ఒకరు దొరికారన్నాడు. అందరం సంతకాలు పెట్టాం. టౌను ఆఫీసులో మూడు ప్రతులు తెమ్మన్నారు, తీసుకెళ్లి ఇచ్చాను. నాలుగోది పటం కట్టించి మిషను పైన తగిలించాను. రోజూ కొట్టు తెరవగానే చదువుతాను. ఇప్పటికే కంఠతా వచ్చేసింది.

మీ మరదలు మాత్రం చదువుతూ చదువుతూ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. ఏమిటే అంటే "ఏం లేదు, మీ అక్కగారు బాగా రాశారు" అంది. ఆ మాట అనడానికి అంత నవ్వెందుకో. తర్వాత తెలిసింది, దాని జాకెట్టు ఒకటి ఎదురు కొట్టులో తయారవుతోందని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటే ఇదే.

నీ గర్వించదగ్గ తమ్ముడు


జూన్ 27
స్టాఫ్ రూమ్

ఓరి దేవుడా! ఒరే, నిజంగానే ఇచ్చావా? సంఘమంతా సంతకాలు పెట్టారా? ఒక్కడికి, ఒక్కడంటే ఒక్కడికి అనుమానం రాలేదా?

అది వ్యాజస్తుతిరా మొద్దావతారం! పద్యాల పాఠంలో నువ్వు బల్ల మీద తలపెట్టి నిద్రపోయిన రోజున చెప్పారు. వెంటనే వెళ్లి ఆ ఆఫీసరుతో అది వ్యాజస్తుతి అని చెప్పి కాగితం వెనక్కి తెచ్చుకో. మరదలికి అర్థమైంది, నీకు కాలేదు. ఆ ఇంట్లో సంఘం అధ్యక్ష పదవి ఎవరికి ఉండాలో ఆలోచించుకో.

అయినా మరీ కంగారు పడకు. ఆ టౌను ఆఫీసు సంగతి నాకు తెలియంది కాదు. అక్కడ కాగితం కదలాలంటే భూకంపం రావాలి. మా కాలేజీ బాగోగులు చూసేదీ వాళ్లే; క్లాసులో ఫ్యానుకు రెక్క ఊడిందని మేము పెట్టిన అర్జీ ఇంకా అక్కడే ఏ ఫైళ్ల కిందో నిద్రపోతోంది. ప్రభుత్వ పాత్ర అని నేను బోర్డు మీద రాస్తుంటే ఆ మూడు రెక్కల్లో మిగిలిన రెండూ కిర్రుకిర్రుమని వెక్కిరిస్తాయి.

ఇక్కడ మా బతుకూ అంతంతమాత్రమే. పిల్లలు చాలడం లేదు, వచ్చే ఏడు అర్థశాస్త్రం శాఖ ఎత్తేస్తామని ప్రిన్సిపాలు అంటున్నాడు. గిరాకీ లేని సరుకు సంతలో నిలవదని పదిమందికీ చెప్పిన నోరు నాది. ఇప్పుడు ఆ సరుకు నేనే అయ్యేసరికి నాకు ఆ సూత్రం అంత నచ్చడం లేదు.

అక్క


జూలై 15
కొట్టు నుంచి

అక్కా,

నువ్వు చెప్పినట్టే వెళ్లాను. ఆఫీసరు టీ తాగుతున్నాడు. "సార్, మా అక్క కాలేజీ లెక్చరరు, తనే చెప్పమంది, అది మామూలు అర్జీ కాదట, వ్యాజ... వ్యాజ..." అన్నాను. నీ మాట సగంలో నోరు తిరగలేదు. ఆయన కప్పు కింద పెట్టేసి, "వ్యాజ్యమా?" అన్నాడు. అదే అయ్యుంటుందన్నాను. ఒక్కసారిగా మనిషి మొహం తెల్లబోయింది. "అయ్యో, కోర్టు దాకా ఎందుకండీ, మేమున్నది దేనికి? మీ అక్కగారు లెక్చరరంటున్నారు, ముందే చెప్పొద్దూ!" అని నా ఎదురుగానే ఫైలు తెప్పించి టపటపా సంతకాలు పెట్టేశాడు. భూకంపం అక్కర్లేకపోయింది, నీ పేరు చాలింది.

నోటీసు వచ్చింది. లైసెన్సు ఉంటేనే దర్జీ కొట్టు. లైసెన్సు కావాలంటే రాతపరీక్ష. నియమాలన్నీ నీ అర్జీలోవే, అక్షరం మార్చలేదు. సంబరంగా ఎదురు కొట్టు తలుపుకు నా చేత్తోనే అంటించి వచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే ఆఫీసు బంట్రోతు నా తలుపుకు కూడా ఒకటి అంటిస్తున్నాడు. "ఇదేమిటయ్యా, అర్జీ పెట్టింది నేను!" అన్నాను. "అర్జీలో ప్రతి దర్జీ అని ఉంది కదా, మీరు దర్జీ కాదా?" అన్నాడు.

ఎందుకు రాశావే ఆ 'ప్రతి'? 'కొత్త దర్జీ' అని రాస్తే నీ కలం అరిగిపోయేదా? తప్పితే కొట్టు మూసెయ్యాలట. నాన్న కొట్టు, అక్కా!

పోనీలే. పేపరు పెట్టేది మీ కాలేజీయేనట, అందులోనూ నువ్వేనట. అది విన్నాక నాకు అన్నం సహించింది. కోటు చేతులు సరిచేస్తాను, పంపు. జేబులో ప్రశ్నలు పెట్టు. ఎవరికీ అనుమానం రాదు. చిటికెమ్మ పుస్తకం కొని, మిషను తొక్కుతూ పైకి చదువుకుంటోంది. సూది దూరే శబ్దం, సరఫరా సూత్రం రెండూ కలిసి వినిపిస్తున్నాయి. వినలేక చస్తున్నాను.

నీ తమ్ముడు


జూలై 24
స్టాఫ్ రూమ్

ఒరే,

వ్యాజ్యం కాదురా, వ్యాజస్తుతి! నీకు చెప్పడం నాది బుద్ధితక్కువ. గోడకు చెబితే కనీసం ఆఫీసుకు వెళ్లి తప్పుగా చెప్పదు.

ప్రశ్నలు పంపను. కోటు పంపుతున్నాను, జేబులో పుస్తకం ఉంది. 'లైసెన్సులు' అన్న భాగం చదువు. లైసెన్సు వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం, డాక్టరుకు ఎందుకు అవసరం, గుండీలు కుట్టేవాడికి ఎందుకు దండగ అన్నీ చిన్నపిల్లలకు అర్థమయ్యేట్టు ఉన్నాయి. అర్జీలో నేను రాసినదానికి సరిగ్గా తలకిందులుగా రాస్తే చాలు, నువ్వు ప్యాసవుతావు. ఇంతకంటే చెప్పడం నా ఉద్యోగానికి తగదు.

ఒక సంగతి రాయకపోతే నాకు నిద్ర పట్టదు. అదంతా వెటకారమని ఆఫీసరుకు నేనే ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. తేదీ కూడా వేశాను. అంతలో ప్రిన్సిపాలు పరుగున వచ్చాడు. చుట్టుపక్కల దర్జీలందరికీ మన కాలేజీలోనే పరీక్ష, శిక్షణ కూడా మనదే, ఇక అర్థశాస్త్రం శాఖను ఎవడూ ముట్టుకోలేడు అని నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నాకు నవ్వు రావాలి కదా? రాలేదు. సంతోషమేసింది. ఛీ, నాకు సంతోషమేసిందిరా. ఆ ఉత్తరం పూర్తి చెయ్యలేదు.

బుద్ధిగా చదువు.

అక్క


ఆగస్టు 30
కొట్టు నుంచి

అక్కా, అక్కా,

పరీక్ష దంచేశాను! నీ తెలివికి జోహార్లే. పైకేమో పంపను, పంపను అని అంత బెట్టు చేసి, పేపరులో చివరి ప్రశ్న ఏం పెట్టావు? 'దర్జీలకు లైసెన్సు అవసరమా? వివరింపుము.' నేను వెర్రివాణ్నా, సైగ అర్థం చేసుకోకపోవడానికి? రోజూ పటంలో చూస్తున్నదే కదా. నీ అర్జీ మొదటి అక్షరం నుంచి చివరి దాకా పొల్లుపోకుండా దించేశాను. 'ఇట్లు, తమ విధేయులు' కూడా వదల్లేదు. తలకిందులుగా రాయమన్నది పక్కవాళ్లు చదివినా తెలియకుండా ఉండాలనేగా? నాకు తెలియదూ నీ సంగతి!

నువ్వు పంపిన పుస్తకం బాగా పనికొచ్చింది. మిషను కాలు ఒకటి ఎగుడుదిగుడుగా ఉండేది, దాని కింద పెట్టాను. ఇప్పుడు కదలడం లేదు.

చిటికెమ్మ నా పక్క వరసలోనే కూర్చుంది. రాసినంతసేపూ పెదాలు కదుపుతూనే ఉంది. పాపం, ఆవిడకు పేపరు పెట్టే అక్క ఎక్కడుంది? కొట్టు ఖాళీ చేసేటప్పుడు ఆ మంచి కత్తెర అమ్ముతుందేమో అడుగుతాను.

నీ తమ్ముడు


సెప్టెంబరు 12
ఇంటి నుంచి

తమ్ముడూ,

ఫలితాలు నీకు ఈపాటికి అందే ఉంటాయి. ఆఫీసు కాగితంలో చూసి నన్ను ఎన్ని తిట్లు తిట్టావో, అన్నీ తిట్టు.

జవాబు కాగితాల మీద పేర్లు ఉండవు. కానీ 'చవక ధర అనే మహమ్మారి' అన్న మొదటి ముక్కకే అది ఎవరిదో తెలిసిపోయింది. నా మాటలే, నా వెక్కిరింతే, కామా కూడా పోకుండా నా బల్ల మీదికి నడిచి వచ్చాయి. ప్రశ్నేమో అవసరమా అని. జవాబేమో నేను నిన్ను ఎగతాళి చేయడానికి రాసిన చెత్త. నువ్వు దాన్ని ఒట్టేసి చెబుతున్నట్టు రాశావు. చెంప ఛెళ్లుమంది. ఎర్ర సిరా పెన్ను చేతిలో ఉంది, సున్నా పడిపోయింది. నీ దస్తూరీ అని తెలిసే వేశాను. ఒక్క ప్రశ్నకు సున్నా వస్తే కత్తెర ముట్టరాదన్నది ఆ తర్వాతే గుర్తొచ్చింది. ఆ నియమం రాసిన మహాతల్లినీ నేనే.

మార్చవచ్చు. పక్కన ఒక గీత గీస్తే పోయేది. కానీ రెండోసారి దిద్దే ఆఫీసరు చూస్తే పరీక్షే రద్దు చేస్తాడు, పరీక్ష పోతే మా శాఖ పోతుంది. ఈ లెక్క నా బుర్రలో చిటికెలో పూర్తయింది. నేను ఇన్నేళ్లూ వ్యాపారస్థులను తిట్టిన తిట్లన్నీ వరసకట్టి వచ్చి నా ఎదురుగా నిలబడ్డాయి.

వ్యాజస్తుతి అంటే పొగుడుతున్నట్టే పొగిడి తిట్టడం. ఈ ఒక్క ముక్క జూన్‌లో రాసి ఉంటే సరిపోయేది. నీకు అర్థం కాదులే అని చులకన. ఆ చులకనే కొట్టు మింగింది.

నాన్న మిషను మీద కుట్టిన ప్రతి చొక్కా నన్ను చదివించింది. ఆ చదువుతోనే నీ కొట్టు మూయించాను. క్షమించమని అడిగే మొహం లేదు, అడగను.

అక్క


అక్టోబరు 5
ఎదురు కొట్టు నుంచి

అక్కా,

పది రోజులు నీకు రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను, ఇరవై దాటిపోయాయి. కోపం పోయిందని కాదు. నీ మాటలు అక్షరం తప్పకుండా రాస్తే సున్నా వేశావంటే, తప్పు నాదా మాటలదా అని మీ మరదలిని అడిగాను. ఈసారి అది నవ్వలేదు. ఏడ్చింది.

బంట్రోతు వచ్చి నాన్న బోర్డు దించాడు. దించేటప్పుడు మేకు ఒకటి గట్టిగా పట్టుకుని రానని కూర్చుంది. వాడి తిప్పలు చూడలేక చివరికి నేనే పీకి ఇచ్చాను.

చిటికెమ్మ ప్యాసైంది. పుస్తకం మొత్తం మిషను చప్పుడుకు పాటలా కట్టుకుందట, రాయడానికేముంది. ఆ రోజు సాయంత్రమే నా గుమ్మంలోకి వచ్చి, "లైసెన్సున్న కొట్టులో సహాయకులకు పరీక్ష అక్కర్లేదంట. కాలరు మీలా కుట్టేవాడు ఈ వీధిలో లేడు, రండి" అంది. చచ్చినట్టు వచ్చాను. ఇప్పుడు నేను కాలర్లు, కాజాలు కుడతాను. అరపూటలో కాలరు అయిపోవాలంటుంది. అవుతోంది కూడా, అదే నాకు మంట. చేతులు ఎలా అతకాలో నేర్పింది. బావ కోటు సరిచేసి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. వేసుకుని చూడమను. రెండు చేతులూ ఒక్కచోటే ఆగుతాయి.

ఇక్కడ కూర్చుంటే నా కొట్టే కనిపిస్తుంది. ఎదురుగా చూస్తే తెలుస్తోంది, గుమ్మం ఎంత మాసిపోయిందో. లోపలుంటే కనపడలేదు.

ఇంకో సంగతి. వీధి చివర కొత్త కుర్రదర్జీ ఎవడో చోటు చూసుకుంటున్నాడు. మధ్యాహ్నానికే చొక్కా ఇచ్చేస్తాడట, మాకంటే చవగ్గా కుడతాడట. పరీక్షకు కట్టాడు, ప్యాసయ్యేట్టే ఉన్నాడు. చిటికెమ్మకు నిద్ర లేదు. "మీ అక్కగారు అర్జీలు బాగా రాస్తారంట కదా" అని నిన్నటి నుంచి నా ప్రాణం తీస్తోంది. నేను రాయనని చెప్పాను. కానీ ఆవిడ కొట్టు పడిపోతే ఇక నాకు కాజాలు కూడా ఉండవు.

నీ ఇష్టం.

తమ్ముడు


అక్టోబరు 13
స్టాఫ్ రూమ్

తమ్ముడికి,

కోటు వచ్చింది. మీ బావ అద్దం ముందు నిలబడి చేతులు చాచి చూసుకుంటున్నాడు, దించమన్నా దించడం లేదు. ఇక్కడ ఫ్యానుకు మూడో రెక్క పెట్టారు. టౌను ఆఫీసువాళ్లు మా శాఖను ఇప్పుడు బాగా చూసుకుంటున్నారు. వచ్చే విడత పరీక్షను ఇంకాస్త కఠినం చేస్తే శిక్షణకు ఎక్కువమంది వస్తారని ప్రిన్సిపాలు సలహా ఇచ్చాడు. నేను కాదనలేదు.

ఇవాళ క్లాసులో మళ్లీ అదే పాఠం. ముందే కొట్టు పెట్టుకున్నవాళ్లు ప్రభుత్వాన్ని తమ గుమ్మానికి కాపలా ఎలా పెట్టుకుంటారో చెబుతున్నాను. ఆ వెనక బెంచీవాడే లేచి, "అలాంటివాళ్లను ఏమనాలి మేడమ్?" అన్నాడు. అది పరీక్షకు రాదులే, కూర్చో అన్నాను.

అర్జీ రాసి జత చేశాను. ఈసారి వెటకారం ఒక్క ముక్క కూడా లేదు, మరదలికి చూపించనక్కర్లేదు. 'ప్రతి దర్జీ' అన్నచోట 'ఇకపై కొత్తగా వచ్చే దర్జీ' అని రాశాను.

ఇట్లు,
తమ విధేయురాలు,
అక్క